మూడో పెడలు

ధైఫల్లా జీపు చూసినంత లోకం ధైఫల్లా చూడలేదు. అది జిద్దాలో సముద్రం చూసింది. అబ్‌హా కొండలెక్కింది. ఒంటెల పందేలకు పోయింది, పెళ్ళిళ్ళకు పోయింది, పెళ్ళిచూపులకు పోయి పని కాక తిరిగొచ్చింది కూడా. జీపుగల పెద్దమనిషి మాత్రం సరిహద్దు ఊరు రఫ్హాలో తన ఇంటి ముందుగదిలో, కాఫీ కూజా పక్కన దిండుకు మోచెయ్యి ఆనించి, అదెప్పుడు వస్తుందా అని గేటు వైపు చూస్తూ కూర్చునేవాడు. వచ్చేది, పాపం. సీట్ల సందుల్లో గుమ్మడి గింజల తొక్కలతో, ఎవరి పిల్లదో ఒంటి చెప్పుతో, పెట్రోలు ముల్లు అడుక్కి వాలిపోయి వచ్చేది.

అతను పిసినారి కాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. పిసినారి అయితే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాడు. ధైఫల్లాకు ఉన్నది మొహమాటం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సరిహద్దు చెక్‌పోస్టులో కొండంత లారీలను చెయ్యెత్తి ఆపినవాడు, కాగితం సరిగా లేకపోతే ఎంతటివాడినైనా వెనక్కి పంపినవాడు, యూనిఫారం విప్పి ఇంటికొచ్చాక అన్నకొడుకును ఒక్కణ్ణి ఆపలేకపోయేవాడు.

అన్నకొడుకు పేరు రాకాన్. బుద్ధిమంతుడే. పెద్దలంటే గౌరవం, పద్ధతులంటే ఇంకా గౌరవం. ఆ పద్ధతులతోనే బాబాయిని చంపుకుతినేవాడు. వాళ్ళలో ఏదైనా అడగదలచుకున్నవాడు నోటితో అడగడు. పోసిన కాఫీ తాగకుండా కప్పు నేలమీద పెట్టి కూర్చుంటాడు. ఇంటాయన "తాగు, నీ పని అయినట్టే" అనాలి. అన్న తర్వాతే వచ్చినవాడు కప్పెత్తి ఆ పనేమిటో చెప్తాడు. తాతల నాడు చంపినవాడి తరఫు పెద్దలు క్షమించమని అడగడానికి అలా కప్పు పెట్టేవారు. పిల్లనడగడానికి పెట్టేవారు. రాకాన్ జీపు కోసం పెట్టేవాడు.

"తాగరా, చల్లారిపోతుంది."

"నాకో పనుంది బాబాయ్."

కప్పు కదలదు. ధైఫల్లా కాసేపు పైకప్పు చూస్తాడు, కాసేపు తివాచీ చూస్తాడు. గదిలో నలుగురుంటారు. అందరి కళ్ళూ ఆ కప్పు మీదే ఉంటాయి.

"తాగు. నీ పని అయినట్టే."

"ఏం లేదులే, మావాళ్ళు గురువారం సముద్రం చూద్దామంటున్నారు."

తాళంచెవి చేతులు మారేది. రాకాన్‌ను చూసి వాడి బావలు నేర్చారు, బావలను చూసి వాళ్ళ తమ్ముళ్ళు నేర్చారు. చివరికి ఎవడైనా కాఫీ కాస్త వేడిగా ఉందని కప్పు కింద పెట్టినా ధైఫల్లా చెయ్యి తనంతట తానే జేబులోని తాళంచెవి మీదికి పోయేది.

ఇంతకీ అతను ఆ జీపు కొన్నది దేనికనుకున్నారు? ఫగా కోసం. వానలు సరిగ్గా పడి, బాగా ఉరిమిన ఏడు, చలికాలం చివర్లో ఎడారి నేల లోపల పుట్టే ఫగా. చూడ్డానికి మట్టి పట్టిన బంగాళదుంప. నెయ్యిలో వేయించి అన్నంలో కలిపితే మనిషి మాట మానేస్తాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు సెలవు దొరకలేదు. రిటైరయ్యాక, చేతికొచ్చిన డబ్బుతో ఈ జీపు కొని, ఇక ప్రతి ఏడూ నా బండి, నా కర్ర, నా ఎడారి అనుకున్నాడు. కొన్న దగ్గర్నుంచి ఒక్క ఏడు కూడా పోలేదు. ఫగా రోజులు వచ్చేసరికి జీపు ఎవరి దగ్గరో ఉండేది. అతని జీపులోనే పోయి, తవ్వుకొచ్చి, అందులోంచి ఒక సంచీ అతనికే కానుకగా తెచ్చిచ్చేవారు. అతను వాళ్ళను దీవించేవాడు.

ఆ ఏడు వానలు వేళకు పడ్డాయి. ఉరుములకు ఇంటి కిటికీ అద్దాలు అదిరాయి. ఈసారి పోకపోతే ఇక పోలేనని ధైఫల్లాకు గట్టిగా అనిపించింది.

దారి ఒక పెళ్ళిలో దొరికింది. పందిరి దగ్గర ఎవరిదో పాత పికప్పు అడ్డంగా ఉంది. అది తీస్తే గానీ అన్నం పళ్ళేలు లోపలికి రావు. రాకాన్, వాడి స్నేహితులు, వాడి బావలు, అంతా పికప్పు చుట్టూ మూగి, తలుపు తీసి చూసి, మళ్ళీ వేసి, ముఖాలు చూసుకున్నారు. అది గేర్ల బండి. ఆ గుంపులో ఒక్కడికీ గేర్లు వెయ్యడం రాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆటోమేటిక్ తప్ప ఎరగరు. ధైఫల్లా వాళ్ళను చూశాడు, పికప్పును చూశాడు. ఆ రాత్రి అన్నం ఎంత తిన్నాడో తనకే తెలియలేదు, అంత సంతోషం.

మర్నాడు ఊరి చివర షెడ్ల దగ్గరికి పోయాడు. అక్కడ ముక్బిల్ అని యెమెన్ మెకానిక్ ఒకడున్నాడు. పనిమంతుడు, వాగుడుకాయ.

"గేరుబాక్సుకు ఏమైంది పెద్దాయనా?"

"ఏం కాలేదు."

"మరి?"

"తీసెయ్. మామూలు గేర్లది పెట్టు. క్లచ్చుతో."

ముక్బిల్ చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు.

"మోకాళ్ళ నొప్పులని జనం ఉన్న గేర్లు పీకించుకుని ఆటోమేటిక్ పెట్టించుకుంటున్నారు. మీ మోకాళ్ళకు పని లేక కొట్టుకుంటున్నారా ఏంటి?"

"ఇసకలో బండి బలంగా లాగాలి."

"ఇప్పుడు లాగట్లేదా?"

"ఇంకా లాగాలి."

ముక్బిల్ జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక సీటు కింద ఉన్న పిల్ల చెప్పు తీసి చూశాడు. గింజల తొక్కలు చూశాడు.

"ఎవరు అడుగుతున్నారు బండి?"

ధైఫల్లా దగ్గాడు.

"నాకు చెప్పడానికి సిగ్గెందుకు పెద్దాయనా? మా బావమరిది అడుగుతున్నాడని నేను నా పికప్పులో పక్క సీటే పీకేశా. ఇప్పుడు వెనక తొట్టిలో కూర్చుని మరీ వస్తున్నాడు, వెధవ."

"నేను ఇసక కోసమే చేయిస్తున్నా," అన్నాడు ధైఫల్లా, చెవులు ఎర్రబడుతుండగా.

పాత బండ్లు పడేసే మైదానంలో సరిగ్గా అలాంటి జీపే ఒకటి పల్టీ కొట్టి పడి ఉంది. దాని గేరుబాక్సు, క్లచ్చు ప్లేటు, ఫ్లైవీలు, పెడళ్ళు, పైపులు అన్నీ విప్పుకొచ్చారు. ధైఫల్లా రోజూ పోయి ఒక స్టూలు మీద కూర్చునేవాడు. కింద నేలకు కన్నం కోసి గేరు రాడ్డు పైకి తెచ్చినప్పుడు తన కడుపే కోసినట్టు ముఖం పెట్టాడు. ఇరుసు కడ్డీ పొడుగు చాల్లేదు, అది అతికించారు. అంతా బిగించాక తాళం తిప్పితే బండి ఉలకలేదు పలకలేదు.

"ఇదింకా ఆటోమేటిక్కే అనుకుంటోంది," అన్నాడు ముక్బిల్. "పార్కింగులో పెట్టామని చెబితే గానీ స్టార్టవ్వదు. అసలు ఆ పార్కింగే లేదుగా ఇప్పుడు. రెండు వైర్లు కలిపి అబద్ధం చెప్పాలి. దీనికి నేను చెబుతా. ఇంట్లో ఏం చెబుతారో మీ ఇష్టం."

ఇంట్లో అప్పటికే చెప్పేశాడు. భార్య మూధీ జొన్నరొట్టె తుంచుతూ విన్నది.

"గేరుబాక్సు పాడైంది."

"నిన్న బాగానే ఉందిగా."

"లోపల పాడైంది. బయటికి తెలీదు."

"నీలాగే," అన్నది మూధీ, రొట్టె నోట్లో పెట్టుకుంటూ. ఇంకేమీ అడగలేదు. ఆమె అడక్కపోవడం తన అదృష్టమనుకున్నాడు ధైఫల్లా. మగవాళ్ళు చాలా వాటిని అదృష్టమనుకుంటారు.

జీపు ఇంటికొచ్చింది. దాన్ని తేవడానికి ధైఫల్లా పడ్డ పాట్లు ఊళ్ళో కొందరు చూశారు గానీ పెద్దవాడని నవ్వలేదు. కుర్రతనంలో నేర్చిన గేర్లు. తల గుర్తుపెట్టుకుంది, కాలు మర్చిపోయింది. మసీదు ముందు ఇంజిను ఆగింది, రొట్టెల కొట్టు ముందు ఆగింది, సిగ్నలు దగ్గర ఆగి వెనకవాళ్ళందరి చేతా హారన్లు కొట్టించింది. అయినా అతనికి బాధ లేదు. ఒక్కో కుదుపుకూ లోపల సంబరపడ్డాడు. నాకే ఇంత కష్టంగా ఉంటే వాళ్ళ సంగతేంటి అని.

రాకాన్ రానే వచ్చాడు. కూర్చున్నాడు. కాఫీ అందుకున్నాడు. కప్పు నేలమీద పెట్టాడు.

"నాకో పనుంది బాబాయ్."

"తాగు తాగు! నీ పని అయినట్టే!" ధైఫల్లా ఎంత ఉత్సాహంగా అన్నాడంటే, కూజా పట్టుకున్నవాడు ఉలిక్కిపడి కాఫీ ఒలకబోసుకున్నాడు. "ఇదుగో తాళంచెవి. శుక్రవారం దాకా ఉంచుకో. శనివారం దాకా ఉంచుకున్నా నాకేం లేదు."

రాకాన్ వెళ్ళాడు. కప్పు చల్లారక ముందే తిరిగొచ్చాడు.

"బాబాయ్, ఇందులో పెడళ్ళు మూడున్నాయి!"

"ఆఁ, మూడే."

"మనిషికి కాళ్ళు రెండే కదా."

"అలవాటైతే రెండు కాళ్ళూ చాలతాయిరా. తీసుకెళ్ళు, సంకోచపడకు."

రాకాన్ తాళంచెవిని తివాచీ మీద పెట్టి, అది కరుస్తుందేమో అన్నట్టు వేలితో బాబాయి వైపు తోశాడు. ఆ కబురు సాయంత్రానికల్లా చుట్టాలందరికీ తెలిసిపోయింది. మరి కొన్నాళ్ళు ఎవడూ కప్పు కింద పెట్టలేదు. కాఫీ వేడిగా ఉన్నా సరే చేత్తోనే పట్టుకుని ఊదుకుంటూ తాగారు.

ధైఫల్లా గురువారానికి ముహూర్తం పెట్టుకున్నాడు. నీళ్ళ డబ్బా, రొట్టెలు, నేల పెకలించే కర్ర సర్దుకుని తెల్లవారగానే బయటికొచ్చాడు. గేటు బార్లా తెరిచి ఉంది. జీపు లేదు.

దొంగలనుకున్నాడు. దొంగలకైనా గేర్లు రావాలే, ఎవరై ఉంటారా అని నిలబడి ఆలోచించాడు. వంశంలో గేర్లు వచ్చినవాళ్ళను పేరు పేరునా తల్చుకున్నాడు. తను తప్ప ఎవడూ లేడు. మధ్యాహ్నం దాటాక వీధి చివర హారన్ మోగింది. జీపు వచ్చింది. కుదుపు లేదు, రొద లేదు. గేటు ముందు ఆగి, వెనక్కి తిరిగి, ఒకే ఒక్క ఊపులో గోడకు జానెడు దూరంలో వచ్చి నిలబడింది. అదే గేటులోకి దాన్ని పట్టించడానికి అతనికి పూట పడుతుంది. తలుపులు తెరుచుకుని రాకాన్ పెళ్ళాం, వాళ్ళమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు, బుట్టలు, పిల్లలు బిలబిలమంటూ దిగారు. స్టీరింగు ముందు మూధీ కూర్చుని ఉంది.

తల్చుకోవడంలో అతను మగవాళ్ళనే తల్చుకున్నాడు మరి.

మూధీ ఎడారి పిల్ల. గొర్రెల మందల మధ్య పుట్టింది. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న పికప్పులో నీళ్ళ ట్యాంకు వేసుకుని బావికీ గుడారాలకూ మధ్య తిప్పింది. అక్కడ ఆడపిల్ల బండి నడపడం వింత కాదు. ఊళ్ళోకి కాపురానికొచ్చాక బండి నడిపే ఎడమ సీటు మర్చిపోయి పక్కనున్న కుడి సీట్లో కూర్చుంది. ఆడవాళ్ళకూ లైసెన్సులు ఇవ్వడం మొదలైనప్పుడు చిన్న కూతురికి తోడుగా పోయి తనూ ఒకటి తెచ్చుకుంది. అప్పుడొకసారి జీపును ఇంటి చుట్టూ తిప్పి, దిగి, "ఇది బండి కాదు, సోఫా. ఎడమకాలికి పనేది?" అన్నది. ఆ మాట ధైఫల్లా విన్నాడు, మర్చిపోయాడు.

ఇప్పుడు ఆమె దిగి వచ్చి అతని ఎదుట నిలబడింది. ముసుగులోంచి కళ్ళు తడిగా మెరుస్తున్నాయి.

"అప్పుడెప్పుడో అన్న మాట. నువ్వు విననే లేదనుకున్నా."

"ఏ మాట?"

"ఎడమకాలికి పని లేదని అన్నాగా. నాకోసం బండి మొత్తం విప్పించావు. పైగా గేరుబాక్సు పాడైందని అబద్ధం! చెప్పకుండా చేస్తే నాకు తెలీదనుకున్నావా?"

ఆ సమయంలో "కాదు" అనగలిగిన మగవాడు ఈ భూమ్మీద ఉంటే ఉండవచ్చు. ధైఫల్లా కాదు.

"అంతేగా మరి," అన్నాడు, చేతిలో కర్ర వెనక్కి దాచుకుంటూ.

అప్పట్నుంచి మూధీకి క్షణం తీరిక లేదు. కప్పు గోల ఆడవాళ్ళ గదిలో లేదు, నేరుగా అడుగుతారు. ఆమె బండి ఇవ్వదు, తనే నడుపుతుంది. ఒకనాడు ఆసుపత్రి, ఒకనాడు నామకరణం, ఒకనాడు ఎడారిలో ఉన్న అక్క గుడారం. పొద్దున పోయి పొద్దుగూకే వేళకు, పాటలు పాడుకుంటూ వచ్చేవారు. పెట్రోలు నిండా ఉండేది, సీట్లు దులిపి ఉండేవి. తప్పు పట్టడానికి కూడా ఏమీ దొరికేది కాదు. రాకాన్ ఇప్పుడు వచ్చి కాఫీ గటగటా తాగేసి పోతున్నాడు. ధైఫల్లా మళ్ళీ అదే దిండు, అదే గేటు. తేడా ఒక్కటే, అప్పుడు జీపు కోసం ఎదురుచూసేవాడు, ఇప్పుడు జీపు కోసమూ పెళ్ళాం కోసమూ ఎదురుచూస్తున్నాడు.

పక్కింట్లోంచి నెయ్యిలో ఫగా వేగుతున్న వాసన వచ్చింది. సంతలో గంపలతో అమ్ముతున్నారని విన్నాడు. ఎండలు ముదిరితే ఇంక నేలలో ఏదీ మిగలదు. ఒక పొద్దున, టిఫిను దగ్గర, ధైఫల్లా గుండె దిటవు చేసుకున్నాడు.

"మూధీ, రేపు జీపుతో నీకేమైనా పనుందా? ఏం లేదు... ఊరికే... నీకు వీలు కాకపోతే పర్లేదు..."

మూధీ అతని ముందు నేల వైపు చూసింది. అతనూ చూసుకున్నాడు. చేతిలో ఉండాల్సిన టీ కప్పు ముట్టకుండా నేలమీద ఉంది. ఎప్పుడు పెట్టాడో తనకే తెలియదు. సొంత జీపు కోసం, సొంత ఇంట్లో, సొంత పెళ్ళాం ముందు కప్పు పెట్టి కూర్చున్నాడు.

"తాగు," అన్నది మూధీ, పెదవి బిగబట్టుకుని. "నీ పని అయినట్టే. తెల్లారగానే ఫగాకు పోదాం. నేను నడుపుతా."

తెల్లారాక బయల్దేరారు. తారురోడ్డు దిగి నేలబారున పడ్డాక మూధీ చెయ్యి గేరు రాడ్డు మీద ఆడుతుంటే ధైఫల్లా పక్కనుంచి చూశాడు. ఇసక మెత్తబడే చోట ఒక గేరు తగ్గేది, గట్టిపడితే పెరిగేది, ఆమె అటు చూసేది కూడా కాదు. అతనికి గర్వంగా ఉంది, ఉక్రోషంగానూ ఉంది. రెండూ ఒకేసారి రావడం అతనికి కొత్త.

నేల పచ్చపచ్చగా చిగిర్చిన చోట ఆపి దిగారు. ఏటవాలు ఎండలో, ఫగా ఉన్నచోటే మొలిచే రగ్రూగ్ మొక్కల పక్కన నేల ఉబ్బి సన్నగా పగిలిన చోట్లు నీడలు పడి కనిపిస్తున్నాయి. ధైఫల్లా మోకాళ్ళ మీద కూలబడి కర్రతో పెకలించాడు. చేతికి తెల్లటి జుబైదీ రకం ఫగా, పిడికిలంత, తడిమట్టి వాసనతో వచ్చింది. దాన్ని బుగ్గకు ఆనించుకున్నాడు. కొన్నేళ్ళుగా అతను కోరుకున్నది ఇంతే. కళ్ళు చెమర్చాయి. ఎండ అని మూధీకి చెప్పాడు.

సంచీ సగం నిండాక చితుకులు ఏరి మంట వేసి కాఫీ పెట్టుకున్నారు. ఇంతలో దూరం నుంచి ఒక మనిషి మోకాళ్ళ దాకా బురదతో నడిచి వస్తున్నాడు. దగ్గరకొచ్చాక చూస్తే రాకాన్.

"బాబాయ్! దేవుడే పంపించాడు నిన్ను. మావాళ్ళ బండి అక్కడ బురదలో దిగబడిపోయింది."

కూర్చోబెట్టి ఖర్జూరాలు పెట్టారు, కాఫీ పోశారు. రాకాన్ కప్పు అందుకుని, ఆ ఎడారిలో, ఇసక మీద పెట్టాడు.

"నాకో పనుంది బాబాయ్."

ధైఫల్లా ముందు బెదరలేదు. క్లచ్చు ఉందిగా.

"బండి లాగాలి, అంతేనా?"

"అది కాదు. మేం ఇక్కడ శుక్రవారం దాకా ఉందామనుకున్నాం. మా బండిని ఈ బురదలో ఇంక నమ్మలేం. దాన్ని బయటికి లాగాక నువ్వు పిన్నిని తీసుకుని అందులో ఇంటికెళ్ళిపో, జీపు మాకు వదిలెయ్." రాకాన్ ముఖం వెలిగిపోతోంది. "నేను గేర్లు నేర్చుకున్నా బాబాయ్! మా స్నేహితుడి పికప్పు మీద. నీ జీపు కోసమే నేర్చుకున్నా!"

ముక్బిల్ షెడ్డులో స్టూలు మీద కూర్చున్న రోజులన్నీ, మసీదు ముందు ఆగిన ఇంజినూ, అన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. ధైఫల్లా నోరు దానంతట అదే తెరుచుకుంది. "తాగు," అన్న మాట బయటికొచ్చేసింది కూడా. మిగతాది నాలుక చివర ఉంది.

"అడగాల్సింది ఆయన్ని కాదు," అన్నది మూధీ, ముసుగు సర్దుకుంటూ. "తాళంచెవి నా దగ్గరుంది."

"సరే పిన్నీ, నిన్నే అడుగుతున్నా."

"ఇవ్వను."

ఆమె అరవలేదు, ముఖం ముడుచుకోలేదు. ఖర్జూరాల పళ్ళెం వాడి వైపు జరుపుతూ అన్నది. విరిగి పడుతుందేమోనని ధైఫల్లా ఆకాశం వైపు ఒకసారి చూశాడు.

"మా తాత ఒకసారి కప్పు పెట్టాడురా. ఆయన కొడుకు చేతిలో మనిషి పోయాడు. కొడుకు ప్రాణం అడగడానికి పెట్టాడు. నువ్వు షికారుకు పెడుతున్నావు. తాగు, చల్లారిపోతుంది. మీ బండి నేను లాగిపెడతా, తాడుంది. జీపు మాత్రం ఇవ్వను."

"సరే పిన్నీ," అన్నాడు రాకాన్. కప్పెత్తి తాగేశాడు. "ఇంకో రెండు ఖర్జూరాలియ్యి, పొద్దున్నుంచి ఏం తినలేదు."

అంతే. అంతకు మించి ఏమీ జరగలేదు. రాకాన్ అలగలేదు, లేచిపోలేదు, వంశం పరువు ఇసకలో కలవలేదు. గింజ ఉమ్మేసి ఇంకోటి అందుకున్నాడు. ధైఫల్లా ఆ తింటున్న ముఖంలోకి తేరిపార చూశాడు. ఇన్నేళ్ళూ ఏ ముఖం చిన్నబోతుందని భయపడి చచ్చాడో ఆ ముఖం ఖర్జూరం నములుతోంది.

"నీకు కోపం రాలేదా?" అని ఉండబట్టలేక అడిగాడు.

"దేనికి బాబాయ్? అడిగాం, ఇవ్వనంది. నువ్వెప్పుడూ వద్దనలేదు కాబట్టి అడిగేవాళ్ళం. నీకు బండి నడపడమన్నా, ఊళ్ళు తిరగడమన్నా చిరాకని మా నాన్న అంటుంటాడు. అందుకే మేమెప్పుడూ నిన్ను రమ్మని పిలవలేదు. ఇంట్లో హాయిగా కూర్చోవడం నీకిష్టమనుకున్నాం."

ధైఫల్లాకు ఆ మాట సూటిగా తగిలింది. తన మంచితనం అందరికీ కనిపిస్తోందనుకున్నాడు. వాళ్ళకు కనిపించింది ఇల్లు కదలని ముసలాడు. జీపును పంపి పంపి తనను తానే పిలవకుండా చేసుకున్నాడు. ఒక్క మాట అనలేక ఎంత దూరం పోయాడు! ఇనుము కోయించాడు, కడ్డీ అతికించాడు, బండి చేత కూడా అబద్ధం చెప్పించాడు.

రాకాన్‌వాళ్ళ బండిని మూధీ తాడు కట్టి, మొదటి గేరులో మెల్లగా, బురదలోంచి బయటికి లాగింది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎండ వాలుతుండగా ఇద్దరూ తిరుగుదారి పట్టారు. కొంతదూరం పోయాక ధైఫల్లా గొంతు సవరించుకున్నాడు.

"మూధీ, ఆ గేర్లు నేను నీకోసం పెట్టించలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"ముక్బిల్ పెళ్ళాం అదే రోజు ఫోను చేసి చెప్పింది. ఇద్దరం కడుపు పట్టుకు నవ్వుకున్నాం."

"మరి నాకోసం చేయించావు అంటూ కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నావే!"

"నవ్వాపుకోలేక వచ్చిన నీళ్ళు అవి. 'కాదు' అంటావేమో చూద్దామని అన్నా. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నా. ఫగా రోజులు దాటిపోతున్నా నువ్వు నోరెత్తవు. నాకే జాలేసింది."

ధైఫల్లా కిటికీలోంచి బయటికి చూశాడు. కోపం రావాలి. కొంచెం వచ్చింది కూడా. ఆమె పట్టుకున్న స్టీరింగు వైపు చూశాడు, సన్నగా ఒణుకుతున్న గేరు రాడ్డు వైపు చూశాడు.

"బండి ఆపు. ఇక నేను నడుపుతా."

"వద్దులే, క్లచ్చు కాల్చేస్తావు. కూర్చో."

ఎప్పుడూ అయితే అక్కడితో సరే అనేవాడు. సరే అనడానికి నోరు తెరిచాడు కూడా.

"కూర్చోను," అన్నాడు.

మాట బయటికొచ్చాక అతనే అదిరిపడ్డాడు. మూధీ బ్రేకు మీద కాలు పెట్టి, బండి ఆపి, అతని వైపు తిరిగింది. ఆమె కళ్ళలో ఈసారి నిజంగానే నీళ్ళు తిరిగాయి. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, అతని తలుపు తీసి పట్టుకుంది.

ధైఫల్లా స్టీరింగు ముందు కూర్చున్నాడు. క్లచ్చు తొక్కాడు, గేరు వేశాడు, కాలు వదిలాడు. జీపు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. ఫగా సంచీ వెనకనుంచి ముందుకొచ్చి పడింది.

"నేను చెప్పనా ఎలాగో?" అన్నది మూధీ.

"వద్దు," అన్నాడు ధైఫల్లా. రెండోసారి తేలిగ్గానే వచ్చింది. మళ్ళీ తాళం తిప్పాడు.